తేలు విషం - అడ్రినలిన్ గ్రాహకాలు - ఔషధాలు

మనిషి భయపడినప్పుడు గుండె దడదడ కొట్టుకోవడం, ముఖం పాలిపోవడం, నోరు ఎండిపోవడం, అరచేతులు చెమర్చడం అందరికీ అనుభవంలోని విషయాలే. ఈ మార్పులకు ముఖ్య కారణం అడ్రినలిన్, నార్‌అడ్రినలిన్ అనే రెండు రసాయనాలు. మూత్రపిండాల పైన టోపీల వలె అమరి ఉన్న అధివృక్క గ్రంథుల నుండి అడ్రినలిన్, నాడుల చివరల నుండి నార్‌అడ్రినలిన్ ప్రధానంగా వెలువడుతాయి. అయితే ఇవి వాటంతట అవే ఏ అవయవాన్నీ శాసించలేవు. కణాల పైపొరలో వీటి కోసమే ఏర్పడిన గ్రాహకాలను తాకినప్పుడు మాత్రమే వీటి ప్రభావం మొదలవుతుంది. వైద్యశాస్త్రం వాటిని అడ్రినర్జిక్ గ్రాహకాలు అంటుంది. రక్తపోటుకు మింగే మాత్ర, ఉబ్బసానికి పీల్చే మందు, ముక్కుదిబ్బడకు వేసే చుక్కలు, పాముకాటు చికిత్సలో సిద్ధంగా ఉంచుకునే సూదిమందు, ఇలా ఎన్నో మందులు ఈ గ్రాహకాల మీదనే పనిచేస్తాయి.

గోదావరి సరిహద్దు గ్రామాలకు ఈ విషయం కేవలం పుస్తక జ్ఞానం కాదు. ఎర్రతేలు కుట్టిన మనిషిని ప్రమాదంలోకి నెట్టేది ప్రధానంగా అతని దేహంలోని అడ్రినలిన్ వరదే. ఆ వరద వల్ల కలిగే హానిని అడ్డుకునే మందు సామాన్యమైన మాత్ర రూపంలో ఉంది. దాని ప్రయోజనం నిరూపితమైంది మహారాష్ట్రలోని ఒక పల్లె ప్రాంతంలోనే. ఆ మాత్ర ఎంత త్వరగా అందుతుందన్న దానిపైనే ప్రాణం ఆధారపడి ఉంటుంది.

సరిహద్దు దూరాలు

గడ్చిరోలి జిల్లా 1982 ఆగస్టు 26న చంద్రపూర్ జిల్లా నుండి విడివడి ఏర్పడింది. దాని దక్షిణపు కొసన, ప్రాణహిత గోదావరిలో కలిసే చోట సిరోంచ ఉంది. ఆవలి ఒడ్డున తెలంగాణలోని కాళేశ్వరం. తెలుగు, మరాఠీ, గోండి, మాడియా వినిపించే ఈ తాలూకా నుండి జిల్లా కేంద్రానికి సుమారు 200 కిలోమీటర్ల దూరం. అహేరికి వెళ్లాలన్నా అడవి మార్గంలో సుమారు 100 కిలోమీటర్లు ప్రయాణించాలి. వరి, పత్తి, మిరప చేలలో పని, వేసవిలో తునికాకు సేకరణ, వంటచెరకు, గడ్డివాములు, పెంకుటిళ్లు, నేల మీద పడక, ఇవన్నీ తేలుకు మనిషిని దగ్గర చేసే పరిస్థితులే. తేలు సాధారణంగా చీకటి పడిన తర్వాత సంచరిస్తుంది. అందుచేత వాహనం దొరకడం కష్టమైన వేళలోనే ఆపద ఎక్కువగా సంభవిస్తుంది.

నాలుగు ముఖ్య గ్రాహకాలు

అడ్రినలిన్ గ్రాహకాలలో ఆల్ఫా, బీటా అనే రెండు పెద్ద తెగలు ఉన్నాయి. వాటిలో మళ్లీ ఉపవిభాగాలు ఉన్నాయి. సామాన్య పాఠకుడు నాలుగింటిని గుర్తుంచుకుంటే చాలు.

ఆల్ఫా-1 గ్రాహకాలు ముఖ్యంగా రక్తనాళాల గోడల్లో ఉంటాయి. ఇవి ప్రేరేపితమైతే నాళాలు బిగుసుకొని రక్తపోటు పెరుగుతుంది, చర్మం చల్లబడుతుంది. కంటిపాప విప్పారడం, మూత్రాశయపు ముఖద్వారం బిగుసుకోవడం కూడా వీటి పనే.

ఆల్ఫా-2 గ్రాహకాలు నాడుల చివరల్లో ఉండి నార్‌అడ్రినలిన్ విడుదలకు కళ్లెం వేస్తాయి. క్లోమగ్రంథిలో ఉన్నవి ఇన్సులిన్ విడుదలను తగ్గిస్తాయి.

బీటా-1 గ్రాహకాలు ప్రధానంగా గుండెలో ఉంటాయి. వీటి వల్ల గుండె వేగంగా, బలంగా కొట్టుకుంటుంది.

బీటా-2 గ్రాహకాలు శ్వాసనాళాలను సడలించి ఊపిరి ఆడేటట్లు చేస్తాయి. గర్భాశయ కండరాలు సడలడం, చేతులు వణకడం కూడా వీటి ప్రభావమే.

ఈ నాలుగింటినీ ఒకచోట పెట్టి చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. అడ్రినలిన్ ఒక్కటే అయినా, తాకిన గ్రాహకాన్ని బట్టి ఫలితం మారుతుంది. ఒకచోట కండరాన్ని బిగించేది మరొకచోట సడలిస్తుంది. అందువల్ల ఒక గ్రాహకాన్ని మాత్రమే ప్రేరేపించే, లేదా ఒకదానిని మాత్రమే మూసివేసే పదార్థం దొరికితే అది గొప్ప ఔషధమవుతుంది. గత శతాబ్దపు ఔషధ పరిశోధనలో ఒక పెద్ద భాగం ఈ అన్వేషణే.

కనుగొన్న క్రమం

అధివృక్క గ్రంథి సారం రక్తపోటును పెంచుతుందని 1894 ప్రాంతంలో ఇంగ్లండులో జార్జ్ ఆలివర్, ఎడ్వర్డ్ షేఫర్ చూపించారు. జపాన్ దేశస్థుడైన జోకిచి తకమినే అమెరికాలో పనిచేస్తూ 1901 నాటికి అడ్రినలిన్‌ను శుద్ధ రూపంలో వేరుచేశారు. 1906లో హెన్రీ డేల్ ఒక వింతను గమనించారు. ఎర్గాట్ అనే శిలీంధ్రపు సారం ఇచ్చిన తర్వాత అడ్రినలిన్ ఎక్కిస్తే రక్తపోటు పెరగడానికి బదులు తగ్గింది. నాళాలను బిగించే ద్వారం మూసుకుపోగా, సడలించే ద్వారం మాత్రమే తెరిచి ఉండడమే ఇందుకు కారణమని తర్వాతి కాలంలో తేలింది.

ఆ వివరణకు పునాది వేసినవారు అమెరికా శాస్త్రవేత్త రేమండ్ ఆల్క్విస్ట్. ఆరు రసాయనాలు వేర్వేరు అవయవాలపై చూపే ప్రభావాన్ని పోల్చి, గ్రాహకాలు ఆల్ఫా, బీటా అని రెండు రకాలు ఉన్నాయని ఆయన 1948లో ప్రతిపాదించారు. తొలినాళ్లలో ఆ సిద్ధాంతానికి అంత ఆదరణ లభించలేదు. జేమ్స్ బ్లాక్ దానినే ఆధారం చేసుకొని బీటా గ్రాహకాలను మూసివేసే ప్రొప్రనొలాల్ ఔషధాన్ని 1960లలో రూపొందించారు. ఆయనకు 1988లో నోబెల్ బహుమతి లభించింది. గ్రాహకాల నిర్మాణాన్ని, పనితీరును వెల్లడించిన రాబర్ట్ లెఫ్కోవిట్జ్, బ్రయాన్ కోబిల్కా 2012లో రసాయనశాస్త్ర నోబెల్ అందుకున్నారు.

ఎర్రతేలు విషం చేసే పని

మన పల్లెల్లో కనిపించే తేళ్లన్నీ ఒకటి కావు. మండ్రగబ్బ అని పిలిచే పెద్ద నల్లతేలు చూడడానికి భయంకరంగా ఉన్నా, అది కుడితే సాధారణంగా నొప్పి, వాపు తప్ప ప్రాణభయం ఉండదు. మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, తమిళనాడు రాష్ట్రాలలో కనిపించే ఎర్రతేలు పరిమాణంలో చిన్నది, సన్నని కొండెలు కలది. ప్రపంచంలోని ప్రమాదకరమైన తేళ్లలో ఇది ఒకటి.

దీని విషం నాడీకణాల పొరలో ఉన్న సోడియం ద్వారాలను మూసుకోనివ్వదు. పొటాషియం ద్వారాలను అడ్డగించే పదార్థాలు కూడా అందులో ఉన్నాయి. ఫలితంగా నాడులు విరామం లేకుండా ఉద్రేకిస్తూ నార్‌అడ్రినలిన్‌ను కుమ్మరిస్తాయి. అధివృక్క గ్రంథులు అడ్రినలిన్‌ను విడుదల చేస్తాయి. మొదట వాంతులు, ఒళ్లంతా ధారగా చెమట, నోటి నుండి చొంగ, మగవారిలో పురుషాంగం అసంకల్పితంగా స్తంభించడం కనిపిస్తాయి. తర్వాత ఆల్ఫా ప్రేరణ పైచేయి సాధించి రక్తనాళాలు బిగుసుకుంటాయి. కాళ్లు, చేతులు మంచువలె చల్లబడతాయి, రక్తపోటు ఎగబాకుతుంది. బిగుసుకున్న నాళాలలోకి రక్తాన్ని నెట్టలేక గుండె అలసిపోతుంది. అప్పుడు ఊపిరితిత్తుల్లో నీరు చేరి, దగ్గు, ఆయాసం, గులాబీ రంగు నురగ కనిపిస్తాయి. ఇది కొద్ది గంటల వ్యవధిలోనే జరగవచ్చు. పసిపిల్లల దేహం చిన్నది కనుక అదే మోతాదు విషం వారికి మరింత ప్రమాదకరం.

ఇక్కడ జనులు తెలుసుకోవలసిన ముఖ్యమైన సంగతి ఒకటి ఉంది. తేలు కుట్టినచోట భరించలేని నొప్పి ఉండి, మిగతా దేహం మామూలుగా ఉన్న రోగి తరచుగా క్షేమంగా బయటపడతాడు. విషం దేహమంతటా పనిచేస్తున్న రోగిలో కుట్టినచోట నొప్పి స్వల్పంగానే ఉండవచ్చు. అతడు కోలుకుంటున్నప్పుడు ఆ నొప్పి మళ్లీ మొదలవుతుంది. కనుక నొప్పి తగ్గింది కదా అని ఊరట చెందడం తగదు. చెమట, వాంతులు, చల్లబడిన కాళ్లు చేతులు, ఇవే చూడవలసిన గుర్తులు.

తేలు మంత్రం తెలియనివాడు పాము పుట్టలో చేయి పెట్టినట్లు అని సామెత. తేలు మంత్రానికి ఉన్న ప్రతిష్ఠకు కారణం ఊహించడం కష్టం కాదు. తేలు కుట్టినవారిలో అనేకులకు నొప్పి కొన్ని గంటల్లో తనంతట తానే తగ్గుతుంది. ఆ కీర్తి మంత్రానికి దక్కుతుంది. ఎర్రతేలు విషం ఒంటికి ఎక్కినవారి విషయంలో మాత్రం ఆ కొన్ని గంటలే చికిత్సకు దక్కవలసిన కాలం.

మహాడ్‌లో ప్రాజోసిన్

జాల్నా జిల్లా పల్లెలో పుట్టి, నాగపూర్ ప్రభుత్వ వైద్య కళాశాలలో చదివిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ 1970లలో కొంకణ ప్రాంతంలోని రాయగడ్ జిల్లా మహాడ్ సమీపాన బిర్వాడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేరారు. తేలు కుట్టి వచ్చిన రోగులు ఊపిరితిత్తుల్లో నీరు చేరి మరణించడం ఆయన కళ్లెదుట జరిగింది. నాటి పాఠ్యగ్రంథాలలో దీనికి సరైన చికిత్స లేదు. ఆయన రోగుల పడకల పక్కనే ఉండి లక్షణాలను గంటగంటకూ నమోదు చేశారు. ఆ పరిశీలన 1982లో లండన్ నుండి వెలువడే లాన్సెట్ వైద్య పత్రికలో ప్రచురితమైంది.

రోగిని చంపుతున్నది నాళాల బిగింపే అయితే, ఆ బిగింపును సడలించాలి. అప్పటికే రక్తపోటుకు వాడుకలో ఉన్న ప్రాజోసిన్ ఆల్ఫా-1 గ్రాహకాలను మూసివేస్తుంది. అడ్రినలిన్ ఎంత పోటెత్తినా రక్తనాళం దాని మాట వినదు. నాళాలు సడలి గుండె భారం తగ్గుతుంది. బావస్కర్, ఆయన సతీమణి డాక్టర్ ప్రమోదిని బావస్కర్ ఈ చికిత్స ఫలితాలను 1986లో లాన్సెట్‌లోనే ప్రకటించారు. ప్రాజోసిన్‌కు ముందు కాలంలో తీవ్ర లక్షణాలున్న రోగుల్లో 100కి 30 మంది వరకు మరణించినట్లు నివేదికలు ఉండగా, ఈ మందు సకాలంలో అందిన చోట అది 1 శాతం దరిదాపులకు తగ్గింది. ఈ కృషికి బావస్కర్‌కు 2022లో పద్మశ్రీ ప్రకటించారు.

తేలు విషానికి విరుగుడు మందు కూడా ఉంది. ముంబయిలోని హాఫ్కిన్ సంస్థ దానిని తయారుచేసింది. బావస్కర్ దంపతులు 70 మంది రోగులపై జరిపిన పరిశీలన 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. విరుగుడు, ప్రాజోసిన్ రెండూ అందుకున్నవారిలో 91.4 శాతం మంది 10 గంటల్లో కోలుకోగా, ప్రాజోసిన్ ఒక్కటే అందుకున్నవారిలో 22.9 శాతం మంది మాత్రమే ఆ వ్యవధిలో కోలుకున్నారు. అంటే విరుగుడు తోడైతే ఉపశమనం త్వరగా లభిస్తుంది. విరుగుడు లేని చోట ప్రాజోసిన్ ప్రాణాన్ని నిలుపుతుంది. విషం ఇన్సులిన్ విడుదలను అణచివేయడాన్ని గమనించి, ఇన్సులిన్, గ్లూకోజ్‌లతో చికిత్స చేయడంపై ముంబయి సేఠ్ జి.ఎస్. వైద్య కళాశాలకు చెందిన కె. రాధాకృష్ణమూర్తి పరిశోధించారు.

ప్రాజోసిన్‌ను వైద్యులు సాధారణంగా కిలో బరువుకు 30 మైక్రోగ్రాముల చొప్పున నోటి ద్వారా ఇచ్చి, కాళ్లు చేతులు వెచ్చబడే వరకు నిర్ణీత వ్యవధిలో మళ్లీ ఇస్తారు. ఇది ఇంట్లో ఎవరికి వారు వేసుకొనే మందు కాదు. మొదటి మోతాదు తర్వాత ఒక్కసారిగా లేచి నిలబడితే రక్తపోటు పడిపోయి కళ్లు తిరిగి పడిపోవచ్చు. పిల్లలను ఎత్తి నిలువుగా పట్టుకోవడం కూడా ప్రమాదమే. అందుచేత రోగిని పడుకోబెట్టే ఉంచాలి. వాంతులు, చెమటల వల్ల దేహం నీరు కోల్పోతుంది కనుక, రోగి తాగగలిగితే ఓ.ఆర్.ఎస్. ద్రావణం ఇస్తారు.

తప్పుదారి పట్టించే మందులు

గ్రాహకాల సంగతి తెలియకుండా లక్షణాన్ని మాత్రమే చూసి మందు ఇస్తే మేలుకు బదులు కీడు జరుగుతుంది. చెమట, చొంగ చూసి అట్రోపిన్ ఇస్తే అవి తగ్గుతాయి గాని, గుండె వేగం, రక్తపోటు మరింత పెరుగుతాయి. గుండెదడ చూసి ప్రొప్రనొలాల్ వంటి బీటా నిరోధకం ఇస్తే నాళాలను సడలించే ద్వారాలు మూసుకొని, బిగించే ఆల్ఫా ద్వారాలకు అడ్డు లేకుండా పోతుంది. అలసిన గుండె ఇంకా బలహీనపడుతుంది. స్టీరాయిడ్లు, అలర్జీ సూదులు ఈ విషంపై పనిచేయవు. కుట్టినచోట కోయడం, గట్టిగా కట్టు కట్టడం, నోటితో పీల్చడం, వేర్లు నూరి పూయడం నిష్ప్రయోజనం. వీటి వల్ల కాలం వృథా అవుతుంది.

పాముకాటులో అడ్రినలిన్

తేలు కుట్టినప్పుడు శత్రువైన అడ్రినలిన్, పాముకాటు చికిత్సలో రక్షకుడవుతుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజరల విషానికి మన దేశంలో ఇచ్చే విరుగుడును గుర్రాల రక్తం నుండి తయారుచేస్తారు. ఆ పరాయి మాంసకృత్తులకు కొందరి దేహం తీవ్రంగా ఎదురుతిరుగుతుంది. దద్దుర్లు, గొంతు వాపు, పిల్లికూతలు, రక్తపోటు పడిపోవడం నిమిషాలలో జరుగుతాయి. అప్పుడు తొడ కండరంలో ఇచ్చే అడ్రినలిన్ సూదే ప్రథమ చికిత్స. పెద్దలకు సాధారణంగా అర మిల్లీగ్రాము, పిల్లలకు కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాము ఇస్తారు. ఆ ఒక్క సూది ఆల్ఫా ద్వారా నాళాలను బిగించి రక్తపోటును నిలుపుతుంది, బీటా-1 ద్వారా గుండెకు బలమిస్తుంది, బీటా-2 ద్వారా శ్వాసనాళాలను తెరుస్తుంది.

శ్రీలంకలో 1,007 మంది పాముకాటు రోగులపై జరిగిన పరిశోధన 2011లో ప్రచురితమైంది. విరుగుడుకు ముందుగా అతి తక్కువ మోతాదులో అడ్రినలిన్ ఇచ్చినప్పుడు మొదటి గంటలో తీవ్ర ప్రతిచర్యలు 43 శాతం తగ్గాయని తేలింది. విరుగుడు పక్కన అడ్రినలిన్ ఉండని ఆసుపత్రి చికిత్సకు సిద్ధంగా ఉన్నట్లు కాదు.

ఇంట్లో ఉండే మందులు

రక్తపోటుకు, గుండెజబ్బుకు వాడే అటెనొలాల్, మెటొప్రొలాల్, ప్రొప్రనొలాల్ బీటా నిరోధకాలు. ఇవి వాడేవారికి ఆపత్కాలంలో అడ్రినలిన్ సూది సరిగా పనిచేయకపోవచ్చు. పాము కరిచినప్పుడు, తేలు కుట్టినప్పుడు తాము వేసుకొనే మాత్రల చీటీని వైద్యునికి చూపడం అవసరం. ఉబ్బసం ఉన్నవారికి ప్రొప్రనొలాల్ ప్రమాదకరం. మధుమేహ రోగులలో ఈ మందులు చక్కెర పడిపోయినప్పుడు కలిగే దడ, వణుకు వంటి హెచ్చరికలను కప్పిపుచ్చుతాయి. వీటిని ఒక్కసారిగా మానడం కూడా గుండెకు హానికరం.

ఉబ్బసానికి పీల్చే సాల్బుటమాల్ బీటా-2ను ప్రేరేపిస్తుంది. చేతుల వణుకు, దడ దాని సహజ దుష్ప్రభావాలు. వృద్ధులకు మూత్రం సాఫీగా రావడానికి ఇచ్చే టామ్సులోసిన్ ఆల్ఫా-1 నిరోధకం. అది కంటిపాప కండరాన్ని కూడా సడలిస్తుంది కనుక, శుక్లాల శస్త్రచికిత్సకు వెళ్లేవారు ఆ సంగతి కంటి వైద్యునికి ముందే చెప్పాలి. ముక్కుదిబ్బడ చుక్కలు నాళాలను బిగించి తాత్కాలిక ఉపశమనం ఇస్తాయి. వాటిని కొద్ది రోజులకు మించి వాడితే దిబ్బడ మరింత పెరుగుతుంది. ఫినైలెఫ్రిన్, క్లోర్‌ఫెనిరమిన్ కలిసిన జలుబు మందును 4 సంవత్సరాలలోపు పిల్లలకు వాడరాదని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబర్‌లో ఆదేశించింది.

పశువుల పిడుదులకు వాడే అమిట్రాజ్ ద్రావణం కూడా ఈ కోవలోనిదే. పొరపాటున తాగినప్పుడు అది ఆల్ఫా-2 గ్రాహకాలను ప్రేరేపిస్తుంది. మగత, నాడి నెమ్మదించడం, రక్తపోటు తగ్గడం కలుగుతాయి. కొన్ని లక్షణాలు పురుగుమందు విషప్రభావాన్ని పోలి ఉంటాయి కనుక, రోగితో పాటు ఆ సీసాను కూడా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. దానిని పిల్లలకు అందనిచోట ఉంచాలి.

సరిహద్దువాసులు చేయవలసింది

తేలు కుట్టిన వెంటనే రోగిని కదలకుండా పడుకోబెట్టి, కుట్టిన సమయాన్ని రాసిపెట్టాలి. చెమట, వాంతులు, చల్లదనం, ఆయాసం వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయరాదు. పిల్లలకు లక్షణాలు లేకపోయినా ఆసుపత్రిలో కొన్ని గంటలు పరిశీలన అవసరం. 108 అంబులెన్సు సేవ ఆంధ్రప్రదేశ్‌లో 2005లో, మహారాష్ట్రలో 2014లో మొదలైంది. తెలంగాణలోనూ అదే సంఖ్య. ప్రాణహితపై వంతెన ఉన్నందున, ఏ రాష్ట్రపు ఆసుపత్రి అన్న ఆలోచన కన్నా ఏది దగ్గర, ఎక్కడ వైద్యుడు ఉన్నాడు అన్నదే ప్రధానం. బయలుదేరే ముందు ఫోన్ చేసి, ప్రాజోసిన్, ఆక్సిజన్ ఉన్నాయో లేదో అడిగి తెలుసుకోవడం మేలు.

రాత్రి పడుకునే ముందు పక్క దులపడం, చెప్పులు, బూట్లు విదిలించి తొడుక్కోవడం, కట్టెల మోపులో చేయి పెట్టే ముందు కర్రతో కదపడం, టార్చి వెలుగులో నడవడం, పిల్లలను మంచం మీద దోమతెరలో పడుకోబెట్టడం వల్ల అనేక ప్రమాదాలు తప్పుతాయి. అవి తప్పనప్పుడు అక్కరకు వచ్చేది ఒక చిన్న మాత్ర. దాని ఖరీదు స్వల్పం. అది సిరోంచ తాలూకాలోని మారుమూల ఆరోగ్య కేంద్రంలో కూడా, రాత్రి వేళ సైతం, అందుబాటులో ఉండాలి.